తేట నీటిలో లూర్ రంగు

అందరికీ నమస్కారం.

గాలం వేసేవాళ్ళు నలుగురు కలిస్తే ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే. "ఏ రంగు లూర్‌కి పడింది?" లూర్ అంటే చేపను ఆకర్షించడానికి గాలానికి కట్టే కృత్రిమ ఎర. నేను కూడా చాలా ఏళ్ళు అదే అడిగాను. చెప్పిన రంగే కొనుక్కున్నాను. వాళ్ళకు పడిన చేప నాకు పడేది కాదు. ఎందుకో తర్వాత అర్థమైంది. ఒక మిత్రుడు ఎర్ర లూర్‌ను ఒకటిన్నర మీటర్ల లోతులో లాగాడు, నేను అదే లూర్‌ను ఎనిమిది మీటర్లకు దింపాను. నా లూర్ అక్కడ ఎర్రగా లేనే లేదు. ఈరోజు మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే. చేప ఉన్న చోటు నుంచి చూస్తే మన లూర్ ఏ రంగులో ఉంటుంది?

తేట నీటి సరస్సులో ఈ ప్రశ్నకు చాలా విలువ ఉంది. బురద నీటిలో చేపకు ఎర దగ్గరికి వచ్చేదాకా కనబడదు. ఒంటి పక్కన ఉండే పార్శ్వరేఖతో నీటి కదలికను పసిగట్టి, ఎదురుపడగానే పట్టేస్తుంది. తేట నీటిలో అలా కాదు. దూరం నుంచే చూస్తుంది, వెనకాలే వస్తుంది, పక్కకు తిరిగి ఇంకోసారి చూస్తుంది, పడవ దగ్గరి దాకా వచ్చి వెళ్ళిపోతుంది. అలా వచ్చి వెళ్ళిపోయిన చేపను మీలో చాలామంది చూసే ఉంటారు. దానికి చూసేందుకు మనమే టైమ్ ఇస్తున్నాం. అంత తీరిగ్గా చూసే కంటికి నచ్చే రంగు కావాలి.

ముందు వెలుతురు సంగతి. ఎండలో అన్ని రంగులూ ఉన్నాయి, కానీ నీరు వాటన్నిటినీ సమానంగా లోపలికి పోనివ్వదు. ఎరుపును ముందు మింగేస్తుంది, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. స్వచ్ఛమైన నీటిలో 650 నానోమీటర్ల ఎరుపు కాంతి మీటరుకు దాదాపు 30 శాతం చొప్పున తగ్గిపోతుంది. అయిదు మీటర్లకు వెళ్ళేసరికి అయిదో వంతు కూడా మిగలదు. నీలం మాత్రం అదే దూరంలో కొద్దిగానే తగ్గుతుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోయి "రెండు మీటర్ల లోపు ఎరుపు పనిచేస్తుంది" అనుకుంటారు. ఇంకో అడుగు ముందుకు వెయ్యాలి. వెలుతురు పై నుంచి లూర్ దాకా వస్తే సరిపోదు, లూర్ మీద పడి మళ్ళీ చేప కంటి దాకా వెళ్ళాలి. ఆ రెండు దూరాలనూ కలపాలి. లూర్ మూడు మీటర్ల లోతులో ఉండి, చేప అయిదు మీటర్ల అవతల ఉంటే, ఎరుపు ఎనిమిది మీటర్ల నీటిని దాటాలి. అప్పటికి దాదాపు పదిహేనో వంతే మిగులుతుంది. దూరం నుంచి చూసిన చేపకు అది ముదురు బూడిద రంగు వస్తువు. దగ్గరికి వస్తున్నకొద్దీ ఎరుపు పైకి తేలుతుంది. అంటే ఒకే లూర్ చేప వస్తున్న దారిలో రంగు మారుతోందన్నమాట. ఈ విషయం తెలిశాక నా లూర్ల పెట్టె అంతా మళ్ళీ సర్దుకున్నాను.

నమ్మకం కుదరకపోతే మీరే చూడొచ్చు. నేను ఒక వేసవిలో కళ్ళకు మాస్క్ పెట్టుకుని, ఆరు లూర్లను ఒక తాడుకు కట్టి, దానికి బరువు తగిలించి దింపుతూ చూశాను. ఎర్రది ముందు ఇటుక రంగులోకి, తర్వాత గోధుమ రంగులోకి, చివరికి దాదాపు నలుపులోకి వెళ్ళింది. ముదురు ఊదా, నలుపు ఒకదాని పక్కన ఒకటి ఉన్నా తేడా తెలియలేదు. తెలుపు మాత్రం నీటి రంగును అద్దుకుని లేత నీలిపచ్చగా మెరుస్తూ కిందిదాకా కనబడింది. ఈత బాగా వచ్చినవాళ్ళు, తోడు మనిషితోనే, ఈ పని ఒక్కసారైనా చెయ్యండి.

ఒక హెచ్చరిక. తేటగా ఉన్న నీరంతా ఒకే రకం కాదు. కొన్ని సరస్సుల్లో రాలిన ఆకులు, కుళ్ళిన మొక్కల సారం కలిసి నీరు టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. గ్లాసులో పోస్తే అడుగు కనబడుతుంది, కానీ ఆ నీరు నీలాన్ని ముందు మింగేస్తుంది. అక్కడ అన్నిటికంటే లోతుకు చేరేవి నారింజ, ఎరుపు వైపు రంగులు. రాగి రంగు స్పూన్ (చెంచా ఆకారపు లోహపు లూర్), బంగారు రంగు అక్కడ బాగా పలుకుతాయి. నేను చెప్తున్న మిగతా లెక్కలు నీలంగానో నీలిపచ్చగానో కనబడే సరస్సులకు.

నీరు ఎంత తేటగా ఉందో కొలవడానికి చాలా సులువైన పనిముట్టు ఉంది. 1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త మధ్యధరా సముద్రంలో ఓడ మీద నుంచి తెల్లటి బిళ్ళలను దింపి, అవి ఎంత లోతులో కనుమరుగవుతాయో కొలిచాడు. ఇప్పుడు సరస్సుల్లో 20 సెంటీమీటర్ల బిళ్ళకు నాలుగు భాగాల్లో నలుపు, తెలుపు వేసి వాడతారు. పడవ నీడ పడే వైపు దింపి, కనబడకుండా పోయిన చోట తాడు మీద గుర్తు పెట్టుకోవడమే. మొక్కలకు సరిపడా వెలుతురు సుమారుగా దానికి రెండు మూడు రెట్ల లోతు దాకా వెళ్తుంది. వాన పడ్డాక ఒకసారి, నాచు పెరిగే రోజుల్లో ఒకసారి కొలిచి చూడండి. నిన్నటి సరస్సు, ఇవాళ్టి సరస్సు ఒకటి కాదని తెలుస్తుంది.

ఇక చేప కన్ను. లార్జ్‌మౌత్ బాస్ అనే వేటాడే మంచినీటి చేప కంట్లో రంగును పట్టే కణాలు రెండు రకాలే. ఒకటి ఆకుపచ్చ దగ్గర, ఇంకొకటి ఎరుపు వైపు స్పందిస్తుంది. మనకు మూడు రకాలు. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బాస్ చేపలకు రంగుల గుర్తింపు నేర్పి పరీక్షించారు. అవి ఎరుపునూ, ఆకుపచ్చనూ చక్కగా పట్టుకున్నాయి. కానీ చార్ట్రూస్ అని మనం పిలిచే నిమ్మపచ్చకూ తెలుపుకూ, అలాగే నీలానికీ నలుపుకూ మధ్య తడబడ్డాయి. నలుపు పని చెయ్యట్లేదని నీలం, నీలం పని చెయ్యట్లేదని నలుపు మారుస్తూ కూర్చుంటే బాస్ విషయంలో మనం పెద్దగా ఏమీ మార్చనట్టే. చల్లటి నీటిలో ఉండే ట్రౌట్ చేప సంగతి వేరు. పిల్ల ట్రౌట్‌కు అతినీలలోహిత కాంతిని చూసే కణాలు కూడా ఉంటాయి, పెద్దదయ్యేకొద్దీ అవి తగ్గుతాయి. ఏ చేప కోసం వెళ్తున్నామో తెలియకుండా రంగు గురించి మాట్లాడలేం.

చేప ఎటు నుంచి చూస్తోందన్నది కూడా అంతే ముఖ్యం. కింద నుంచి పైకి చూసే చేపకు ఆకాశమంతా సుమారు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలో కనబడుతుంది. ఆ వెలుగుకు అడ్డంగా వచ్చిన లూర్ ఏ రంగుదైనా నల్లటి ఆకారమే. నీటి మీద తేలే లూర్ వీపు మీద మనం మురిసిపోయే బొమ్మలు చేపకు కనబడవు. ఆకారం, సైజు చూసుకోవాలి. పక్క నుంచి చూసే చేపకు వెనకాల ఉండేది నీలిపచ్చని నీరు. అక్కడ రంగుకు అసలైన పని ఉంటుంది. అడుగున మేసే చేపకు ఇసుకో, రాళ్ళో, నాచో నేపథ్యం.

చిన్న చేపలను చూడండి. వీపు ముదురు, పొట్ట తెలుపు, పక్కలు వెండి. పై నుంచి వెలుతురు పడినప్పుడు వీపు వెలిగి, పొట్ట నీడలోకి వెళ్ళి, ఒళ్ళంతా ఒకే ఛాయలోకి వచ్చి నీటిలో కలిసిపోతుంది. పొలుసుల్లోని గ్వానిన్ స్ఫటికాలు చిన్న అద్దాల్లా చుట్టూ ఉన్న నీటినే తిప్పి చూపిస్తాయి. దెబ్బ తగిలిన చేప ఒరిగినప్పుడు మాత్రం ఆ అద్దం తళుక్కుమంటుంది. వేటాడే చేప ఎదురు చూసేది ఆ తళుకు కోసమే. అందుకే తేట నీటిలో నా మొదటి ఎంపిక సగం పారదర్శకంగా ఉండే పొగరంగు సాఫ్ట్ ప్లాస్టిక్ (మెత్తటి ప్లాస్టిక్ లూర్), లోపల కొద్దిగా వెండి పొడి. కదలనంతసేపూ దాదాపు కనబడదు, మణికట్టు కదిపితే ఒక్కసారి మెరుస్తుంది. లూర్‌ను పూర్తిగా చూపించేస్తే చేప దానిలో తప్పులు వెతుక్కుంటుంది.

నడినెత్తిన ఎండ ఉండి, గాలి లేకపోతే నేను అద్దంలాంటి క్రోమ్ వాడను, ముత్యపు తెలుపు వాడతాను. గాలి వచ్చి అలలు లేచాక క్రోమ్ కడతాను, అప్పుడు వెలుతురే ముక్కలు ముక్కలుగా ఆడుతుంటుంది కాబట్టి ఆ మెరుపు అందులో ఇమిడిపోతుంది. మబ్బు పట్టిన రోజున వెండి కంటే బంగారం. అడుగున రాళ్ళ మధ్య జిగ్ (తల దగ్గర బరువు ఉన్న గాలపు లూర్) ఆడించేటప్పుడు గ్రీన్ పంప్కిన్ అనే గోధుమ కలిసిన ముదురు పచ్చ, గోధుమ రంగులు. ఒక రాయిని తిరగేసి అక్కడి పీత, రొయ్య ఏ రంగులో ఉన్నాయో చూసి ఆ ఛాయకు దగ్గరగా కట్టండి.

లోతుకు వెళ్ళాలంటే ఫ్లోరసెంట్ రంగుల గురించి చెప్పాలి. మామూలు నారింజకు వెలగాలంటే నారింజ కాంతే కావాలి, అది లోతులో లేదు. ఫ్లోరసెంట్ నారింజ మాత్రం నీలం, అతినీలలోహిత కాంతిని తీసుకుని నారింజగా తిప్పి ఇస్తుంది. అందుకే పది మీటర్ల కింద కూడా అది దగ్గరి చేపకు నారింజగానే కనబడుతుంది. అంత లోతులో సహజంగా అలా వెలిగేవి చాలా తక్కువ కాబట్టి, తేట నీటిలో ఒళ్ళంతా ఫ్లోరసెంట్ వేస్తే చేప బెదురుతుందని నా అనుభవం. గొంతు దగ్గర ఒక చుక్క, తోక చివర ఒక గీత చాలు.

లైన్ గురించి, అంటే గాలపు దారం గురించి, ఒక్క మాట. ఫ్లోరోకార్బన్ అనే ప్లాస్టిక్ లైన్ వక్రీభవన గుణకం (వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.42, నీటిది 1.33, నైలాన్‌ది 1.5కు పైనే. నీటికి దగ్గరగా ఉన్నది తక్కువగా కనబడుతుంది. రంగు కోసం ఇంత కష్టపడి, దాన్ని లావుపాటి తెల్ల లైన్‌కు కట్టకండి.

సాయంత్రం అయ్యేసరికి ఈ లెక్కలన్నీ మారతాయి. వెలుతురు తగ్గుతుంటే చేప కంట్లో రంగును చూసే కణాలు వెనక్కి తగ్గి, మసక వెలుతురులో పనిచేసే కణాలు ముందుకు వస్తాయి. దానికి కొంత సమయం పడుతుంది. ఆ కణాలకు రంగుల తేడా తెలియదు, వెలుగూ నీడా మాత్రమే తెలుస్తాయి. అప్పుడు నేను పొగరంగు తీసేసి, మిగిలిన ఆకాశానికి అడ్డంగా గట్టిగా కనబడే నల్లటి తేలే లూర్ కడతాను. నెమ్మదిగా, ఆపి ఆపి లాగుతాను. ఆ ముడి మాత్రం చూపు ఆనుతుండగానే వేసుకుంటాను, చీకటి పడ్డాక సన్నటి లైన్‌తో ముడి వెయ్యడం నా కళ్ళ వల్ల కాదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. పెట్టెలు తెచ్చుకున్నవాళ్ళు ముందుకు రండి, కలిసి చూద్దాం.