ఫౌల్ సెంటర్ మీద, తప్పు పాయింట్ గార్డ్‌ది: బాస్కెట్‌బాల్‌లో హార్న్స్ సెట్ ప్లే నేర్పడం ఎలా

[మొదటి షాట్: పొద్దున్నే సిమెంట్ కోర్టు, మధ్యలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు]

ఈ కుర్చీలు కూర్చోడానికి కాదండీ. వీటి పని చివర్లో చెప్తాను, ముందు ఒక మ్యాచ్ సంగతి వినండి.

కొన్నేళ్ల కిందట మా జూనియర్ టీమ్ ఒక టోర్నమెంట్ ఆడుతోంది. మా సెంటర్, అంటే రింగ్ దగ్గర ఆడే పొడుగువాడు, మంచి ఎత్తు, బుద్ధిమంతుడు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. ఆ రోజు మాత్రం స్క్రీన్ పెట్టడానికి, అంటే డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడడానికి, వెళ్లినప్పుడల్లా రిఫరీ విజిల్. మూడో క్వార్టర్ అయ్యేలోపే ఐదు ఫౌల్స్ అయిపోయి బయటికొచ్చేశాడు. నేను ఊరుకోవచ్చు కదా, బెంచ్ దగ్గర అందరి ముందూ "కదలకుండా నిలబడమంటే నిలబడలేవట్రా" అని కేకలేశాను. ఆ రాత్రి ఒక పిల్లాడి నాన్నగారు ఫోన్లో తీసిన వీడియో చూస్తే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. స్క్రీన్ దగ్గర పడిన ప్రతి ఫౌల్‌లోనూ అదే కథ: సెంటర్ ఇంకా దారిలో ఉండగానే, బాల్ నడిపే మా పాయింట్ గార్డ్ బయల్దేరిపోతున్నాడు, వాడితోపాటు డిఫెండరూ వెళ్లిపోతున్నాడు, ఇక సెంటర్ ఏం చేస్తాడు, వదిలేస్తే నేను తిడతానని పక్కకి జరిగి తుంటితో అడ్డం కొడుతున్నాడు.

మర్నాడు వాడికి సారీ చెప్పాను. "నాకప్పుడే తెలుసు సార్" అన్నాడు. మరి చెప్పలేదేంరా అంటే, "మీరు వినేలా లేరు సార్" అన్నాడు.

కాబట్టి ఈ వీడియో పైకి హార్న్స్ గురించే అయినా, నిజానికి పాయింట్ గార్డ్‌కి ఆగడం నేర్పడం గురించి.

[కోర్టు బొమ్మ: ఐదు చుక్కలు]

హార్న్స్ అంటే కొమ్ములు. బొమ్మ చూడండి, పేరెందుకొచ్చిందో తెలుస్తుంది. పాయింట్ గార్డ్ బాల్‌తో పైన, మధ్యలో. ఫ్రీ త్రో లైన్ రెండు చివర్లలో, అంటే ఎల్బోల దగ్గర, పొడుగు వాళ్లిద్దరు. రెండు కార్నర్లలో షూటర్లు. నేనైతే చూపుడు వేలు, చిటికెన వేలు పైకెత్తి సైగ చేయిస్తాను, అరిచే పని లేదు. షాట్ క్లాక్, అంటే షాట్ వెయ్యడానికి ఉండే టైమ్, 24 సెకన్లు, అందులో 8 సెకన్లలోపు హాఫ్ దాటాలి, ఇది పెట్టుకోడానికి టైమ్ బాగానే ఉంటుంది, పిల్లలు అనవసరంగా టెన్షన్ పడతారు.

దీని బలమంతా ఎక్కడుందంటే, స్క్రీన్ ఎటు నుంచి వస్తుందో డిఫెండర్‌కి ముందు తెలియదు. మామూలుగా ఒకే స్క్రీన్ అయితే తెలివైన డిఫెండర్ ముందే అటు గెంతి దారి మూసేస్తాడు. ఇక్కడ కుడివైపు మూస్తే ఎడమవైపు ఇంకో పొడుగువాడు రెడీగా ఉన్నాడు. కార్నర్లలో ఇద్దరూ ఊరికే నిలబడ్డట్టు కనిపిస్తారు కానీ వాళ్ల పని వాళ్లు చేస్తున్నారు, వాళ్లని కాసేవాళ్లు రింగ్ కిందకి రాకుండా పట్టి ఉంచుతున్నారు. బోర్ కొట్టి లోపలికి నడిచొచ్చే షూటర్ ఒక్కడున్నా ప్లే పాడవుతుంది.

[పాయింట్ గార్డ్, ఒక సెంటర్: స్లో మోషన్]

ఇప్పుడు కుడివైపు అనుకుందాం. కుడి ఎల్బోలో ఉన్నవాడు పైకి పరుగెత్తుకొచ్చి రెండు కాళ్లూ ఒకేసారి ఆనేలా ధబ్‌మని ఆగాలి. కాళ్లు భుజాలకన్నా కాస్త ఎడంగా, చేతులు ఛాతీకి దగ్గరగా, పాయింట్ గార్డ్ ఎటు వెళ్లాలో వీపు అటు. రూల్ కూడా తెలిసుండాలి. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధనల్లో, డిఫెండర్ ఆగి ఉండి స్క్రీన్ అతని కంటికి కనపడని వైపు నుంచి వస్తే, అతనికి ఒక మామూలు అడుగు చోటివ్వాలి. అతను కదులుతుంటే ఒకటి నుంచి రెండడుగులు. చాలామంది పిల్లలకి "కదలకూడదు" వరకే తెలుసు, ఈ అడుగు సంగతి తెలీదు.

ఈలోపు పాయింట్ గార్డ్ ఏం చేస్తున్నాడు? స్క్రీన్‌కి ఎదురుదిక్కుకి, ఎడమవైపు, నిజంగానే వెళ్లిపోతాడేమో అన్నట్టు ఒక డ్రిబుల్ వేస్తాడు. డిఫెండర్ అటు మొగ్గుతాడు. ఆ ధబ్ చప్పుడు వినపడేదాకా పాయింట్ గార్డ్ స్క్రీన్ వైపు కదలకూడదు. వినపడ్డాక ఒక్కసారిగా వేగం మార్చి, తన భుజం స్క్రీనర్ తుంటికి రాసుకుంటూ పోవాలి, ఇద్దరి మధ్య చీపురుపుల్ల దూరే సందు కూడా ఉండకూడదు. సందుంటే డిఫెండర్ అందులోంచి వచ్చేస్తాడు, మనం పడ్డ శ్రమంతా గోవిందా.

అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో యూటా జాజ్ టీమ్ పాయింట్ గార్డ్ జాన్ స్టాక్టన్, పొడుగువాడు కార్ల్ మలోన్ 18 సీజన్లు కలిసి ఆడింది ఎక్కువగా ఈ ఇద్దరి ఆటే. స్టాక్టన్ ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం, గాల్లోకి ఎగిరి ఆశ్చర్యపరిచే రకం కాదు. ఎన్‌బీఏలో 15,806 అసిస్టులతో, అంటే బాస్కెట్ పడేలా ఇచ్చిన పాస్‌లతో, ఇప్పటికీ అతనిదే రికార్డు. పాత క్లిప్పులు దొరికితే చూడండి, బాల్‌ని కాదు, స్క్రీన్ వచ్చేదాకా అతని కాళ్లని.

[మళ్లీ బొమ్మ, బాణం గుర్తులు]

స్క్రీన్ దాటాక ఏం చేయాలనేది డిఫెన్స్‌ని బట్టి. డిఫెండర్ స్క్రీన్‌కి తగులుకుని వెనకబడితే అది మన పండగ. తొందరపడి రింగ్ మీదకి దూకెయ్యొద్దు, వాణ్ని వీపు వెనకే ఉంచుకుని ఎల్బో వైపు నిదానంగా వెళ్లాలి. ఇప్పుడు ముందున్నది ఒక్క పొడుగు డిఫెండర్, మనవాళ్లు ఇద్దరు. వాడు బాల్ మీదకొస్తే రోల్ అయినవాడికి, అంటే స్క్రీన్ పెట్టి రింగ్ వైపు తిరిగి వెళ్లినవాడికి, పాస్, రోల్ వైపు జరిగితే రింగ్ దగ్గరికెళ్లి లేఅప్. రోల్ అయ్యేవాడు బాల్‌ని చూస్తూ తిరగాలి, చెయ్యి పైకి చూపించాలి. రెండో పొడుగువాడు ఈలోగా ఎడమ ఎల్బో వదిలి పైకి, త్రీ పాయింట్ లైన్ బయటికి వచ్చేస్తాడు.

డిఫెండర్ స్క్రీన్ వెనక నుంచి దూరితే షాట్ కొట్టొచ్చు. కానీ త్రీ పాయింట్ లైన్ 6.75 మీటర్లు, స్కూలు పిల్లల్లో అది నమ్మకంగా వేసేవాళ్లు తక్కువ, అందుకే నేను స్క్రీనర్‌ని అక్కడే తిప్పి ఇంకోసారి స్క్రీన్ పెట్టిస్తాను. స్విచ్ చేస్తే, అంటే డిఫెండర్లిద్దరూ తాము కాసేవాళ్లని మార్చుకుంటే, పొట్టివాడు మన సెంటర్ మీద పడతాడు, బాల్ లోపలికి వెయ్యడమే. ఇద్దరూ కలిసి బాల్ మీద పడితే వెనక్కి రెండు డ్రిబుల్స్, పైకొచ్చిన రెండో పొడుగువాడికి పాస్, అక్కణ్నుంచి రింగ్ కిందకి. భయపడి బాల్ చంకలో పెట్టుకుని వంగిపోతే మాత్రం ఎవరూ కాపాడలేరు.

[షాట్: కుర్చీలు]

ఇక కుర్చీలు. ఎల్బోలకి పైన, త్రీ పాయింట్ లైన్ దగ్గర, చెరోవైపు ఒకటి పెట్టండి. స్క్రీనర్లు ఇవే. కుర్చీ పక్కకి జరిగి సాయం చేయదు కాబట్టి డిఫెండర్‌ని దాని దాకా తీసుకురావాల్సిన పూచీ మొత్తం పాయింట్ గార్డ్‌దే. నేను పక్కన నిలబడి చప్పట్లు కొడతాను, ఆ చప్పుడే ధబ్ అన్నమాట. చప్పట్లకి ముందే కదిలితే మళ్లీ మొదట్నుంచి. ఒక్కోసారి కావాలనే ఆలస్యం చేస్తాను, "కొట్టండి సార్" అని వాళ్లే అరుస్తారు. తర్వాత కుర్చీ తీసేసి ఇద్దరికిద్దరు, ఆ తర్వాత ముగ్గురికి ముగ్గురు.

పీఈటీ సార్లు ఎవరైనా చూస్తుంటే ఒక సంగతి, ఐదుగురికి ఐదుగురు పెట్టాక కూడా మొదటి వారం నేను బాస్కెట్లు లెక్కపెట్టను. భుజం తుంటికి రాస్తే ఒక పాయింట్, రాయకపోతే సున్నా, బాల్ రింగులో పడ్డా అంతే.