ఎక్స్‌టర్నల్ డీవీడీ డ్రైవ్ రివ్యూ: లినక్స్‌లో మౌంట్ కాకపోతే ఏం చూడాలి

అందరికీ నమస్కారం. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. యూఎస్‌బీ కేబుల్‌తో పనిచేసే ఈ పలుచని డీవీడీ రైటర్‌ను ఉబుంటు అనే లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌కు పెట్టి పరీక్షించి చూపిస్తాను. మన నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు ఎన్నో ఇళ్లలో ఆనాటి పెండ్లి వీడియోలు ఇంకా డిస్కుల్లోనే ఉన్నాయి, కొత్త ల్యాప్‌టాపుల్లోనేమో డిస్కు పెట్టే ట్రే ఉండడం లేదు. అందుకని ఇలాంటి డ్రైవ్ కొంటారు, అది లినక్స్‌లో తెరుచుకోకపోతే డ్రైవ్ చెడిపోయిందనుకొని వాపసు పంపేస్తారు. వాపసు పంపే ముందు, పని ఏ దశలో ఆగిపోయిందో తెలుసుకోండి. కరెంటు అందకపోయినా, డిస్కును లేజర్ చదవలేకపోయినా, డిస్కులో ఫైల్ సిస్టమే, అంటే ఫైళ్లను అమర్చి ఉంచే పద్ధతే, లేకపోయినా మనకు కనిపించేది ఒక్కటే, మౌంట్ కాలేదని, అంటే డిస్కులోని ఫైళ్లు కంప్యూటర్‌లో తెరుచుకోలేదని. కానీ వీటికి చేయవలసిన పనులు వేరు వేరు.

ఈ డ్రైవ్ కూడా మొదట మౌంట్ కాలేదు. కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఒకే యూఎస్‌బీ పోర్టు నుంచి కరెంటు తీసుకునే పలుచని డ్రైవ్ ఏదైనా ఇదే ఇబ్బంది పెట్టగలదు. డ్రైవ్‌ను పెట్టకముందే టెర్మినల్ తెరిచి, తెరపై కనిపిస్తున్నట్టు సుడో డీఎంఈఎస్‌జీ హైఫన్ డబ్ల్యూ అని కొట్టి, ఆ తర్వాత కేబుల్ పెట్టండి. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ తనకు కనబడినదంతా అక్కడ వరుసగా రాస్తూ పోతుంది. అంతా సవ్యంగా ఉంటే కొత్త యూఎస్‌బీ పరికరం వచ్చిందని, చివరకు ఎస్ఆర్ సున్నా అనే పేరుతో సీడీరామ్ జతపడిందని వస్తుంది. నాకు మాత్రం డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ మైనస్ 71 అని వచ్చింది. యూఎస్‌బీ సంభాషణ మధ్యలో తెగిపోయిందని దాని అర్థం. మైనస్ 110 వస్తే, పరికరం గడువులోగా జవాబు ఇవ్వలేదని అర్థం. ఈ రెండింటిలో ఏది కనిపించినా మౌంట్ ఆదేశాల జోలికి పోకుండా ముందు కేబుల్‌ను, హబ్‌ను (ఒక పోర్టును పలు పోర్టులుగా చేసే పెట్టెను), కరెంటును అనుమానించండి.

కరెంటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్ల వరకు, యూఎస్‌బీ 3.0 పోర్టు 900 వరకు ఇస్తుంది. డిస్కు తిరగడం మొదలయ్యే ఆ క్షణంలో ఇలాంటి డ్రైవ్ ఒక ఆంపియర్ దాటి కూడా లాగవచ్చు. అందుకే ఖాళీగా ఉన్నప్పుడు చక్కగా గుర్తింపు పొందిన డ్రైవ్, డిస్కు పెట్టగానే టక్‌మని శబ్దం చేసి మాయమై, మళ్లీ ప్రత్యక్షమవుతుంది. హబ్ తీసేసి, ల్యాప్‌టాప్‌లోని యూఎస్‌బీ 3.0 పోర్టుకే నేరుగా పెట్టాక ఈ డ్రైవ్ నిలకడగా పనిచేసింది. మీకు అలా కూడా కుదరకపోతే రెండు ప్లగ్గులున్న కేబుల్ గానీ, సొంత అడాప్టర్ ఉన్న హబ్ గానీ వాడండి.

డ్రైవ్ కనిపిస్తున్నా, లోపల డిస్కు ఉండగానే నో మీడియం ఫౌండ్ అని వస్తే, మరో డిస్కు పెట్టి చూడండి. సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650 నానోమీటర్ల లేజర్ వాడతారు కాబట్టి, ఒకటి బలహీనపడిన డ్రైవ్ సీడీలన్నీ చదువుతూనే డీవీడీలను నిరాకరించవచ్చు. పాటల ఆడియో సీడీ విషయంలో మాత్రం కంగారు పడకండి. దానిలో ఫైల్ సిస్టమ్ ఉండదు కనుక మౌంట్ ఆదేశం విఫలం కావడమే సహజం. వీఎల్‌సీలో నేరుగా తెరిస్తే సరిపోతుంది.

రాంగ్ ఎఫ్ఎస్ టైప్ (ఫైల్ సిస్టమ్ రకం సరిపోలేదు) అని వస్తే, డిస్కుల్లో వాడే ఫైల్ సిస్టమ్ రకాలైన ఐఎస్ఓ 9660 అని ఒకసారి, యూడీఎఫ్ అని ఒకసారి రకం చెప్పి, రీడ్ ఓన్లీగా మౌంట్ చేయండి. అప్పటికీ కాకపోతే, ఆ డిస్కు కెమెరాలోనో రికార్డర్‌లోనో రాసి, ఫైనలైజ్ చేయకుండా, అంటే రాయడం పూర్తయిందని ముగింపు వేయకుండా, వదిలేసినదై ఉండవచ్చు. డీవీడీ ప్లస్ ఆర్‌డబ్ల్యూ టూల్స్ అనే ప్యాకేజీలోని డీవీడీ ప్లస్ ఆర్‌డబ్ల్యూ హైఫన్ మీడియా ఇన్ఫో ఆదేశం సెషన్, అంటే ఆ రాత, ముగిసిందో లేదో చెబుతుంది. ముగియకపోతే, వీలైనంతవరకు రాసిన యంత్రంలోనే దాన్ని ఫైనలైజ్ చేయించడం మేలు. చేత్తో మౌంట్ చేస్తే వస్తూ, దానంతట అది మాత్రం రాకపోతే, లోపం డెస్క్‌టాప్ అమరికలో ఉన్నట్టే. వేటిని ఎక్కడ మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో పాత సీడీరామ్ వరుస ఏదైనా మిగిలి ఉందేమో చూడండి. ఆపిల్ సూపర్‌డ్రైవ్ ఉన్నవారికి ఒక్క మాట: అది ఒక ప్రత్యేక ఆదేశం అందేదాకా లినక్స్‌లో డిస్కును లోపలికే తీసుకోదు, దాన్ని ఎస్‌జీ రా అనే సాధనంతో పంపాలి.

అన్నింటికంటే జాగ్రత్త పడవలసింది గీతలు పడిన డిస్కుల దగ్గర. లాగ్‌లో మీడియం ఎర్రర్, అన్‌రికవర్డ్ రీడ్ ఎర్రర్ అని వస్తుంటే, పదే పదే మౌంట్ చేస్తూ డిస్కును తిప్పకండి. జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే కాపీ సాధనంతో, 2048 బైట్ల సెక్టార్ పరిమాణం ఇచ్చి, ముందు సులభంగా వచ్చే భాగాలన్నీ ఇమేజ్ ఫైలుగా, అంటే డిస్కుకు నకలైన ఒకే ఫైలుగా, తీసుకోండి. ఎక్కడ ఆగిందో మ్యాప్‌ఫైలులో రాసుకుంటుంది కనుక, మిగిలిన భాగాలను డిస్కు తుడిచాకైనా, మరో డ్రైవ్‌లోనైనా ప్రయత్నించవచ్చు. తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచువైపు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పవద్దు. ఆ ఇమేజ్‌నే లూప్‌గా, అంటే ఆ ఫైలునే డిస్కులా చూపించి, మౌంట్ చేసుకుంటే అసలు డిస్కును మళ్లీ తాకే పనే ఉండదు. అమ్మానాన్నల పెండ్లి వీడియోకు ఉన్నది ఒకే ప్రతి అయినప్పుడు, ఈ కాస్త ఓపిక తప్పనిసరి అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక ఈ డ్రైవ్ సంగతికి వస్తే, డిస్కులు చదవడంలో దీనికి వంక పెట్టలేను, కానీ డబ్బాలో ఇచ్చిన కేబుల్ పొట్టిగా ఉంది, రెండో ప్లగ్గు కూడా ఇవ్వలేదు. యూఎస్‌బీ 3.0 పోర్టు ఉన్నవారు నిశ్చింతగా కొనుక్కోవచ్చు, అయితే వాపసు గడువు ముగిసేలోగా ఒక సీడీని, ఒక డీవీడీని రెండింటినీ చివరిదాకా చదివించి చూసుకోండి. యూఎస్‌బీ 2.0 పోర్టులు మాత్రమే ఉన్న పాత ల్యాప్‌టాప్‌కైతే దీన్ని తీసుకోకుండా, రెండు ప్లగ్గుల కేబుల్‌తో వచ్చే డ్రైవ్‌ను ఎంచుకోమని చెబుతాను.