వరద రాకముందే వరుస సంగతి చూద్దాం

శ్రోతలకు నమస్కారం.

విపత్తు వచ్చిందంటే బియ్యం, దుప్పట్లు, డబ్బు పోగవుతాయి. ఇచ్చే చేతులకు మన దగ్గర లోటు లేదు. కానీ ఇచ్చింది బాధితుడి చేతికి ఎంతసేపట్లో చేరుతోందో లెక్క చూసుకునే సంస్థలు తక్కువ. నాకు బాధ కలిగించేది అదే.

న్యూయార్క్‌లో ఫుడ్ బ్యాంక్ అని, పేదలకు తిండి అందించే పెద్ద సేవాసంస్థ ఉంది. టయోటా కార్ల కంపెనీ దానికి విరాళాలిచ్చేది. తర్వాత డబ్బుకు బదులు మా ఇంజనీర్లను పంపుతామంది. కార్లు చేసేవాళ్లకు వంటింటి సంగతేం తెలుసని అక్కడివాళ్లు సందేహించారు. సహజమే కదా!

ఆ నగరంలోనే హార్లెం అనే పేటలో ఉన్న ఒక ఉచిత భోజనశాలలో రాత్రి భోజనం కోసం గంటన్నర దాకా నిలబడాల్సి వచ్చేది. ఇంజనీర్లు ముందు ఊరికే గమనించారు. లోపల 50 కుర్చీలున్నాయి. మన పెళ్లిళ్లలో బంతులు వేసినట్టు జనాన్ని పదేసి మంది చొప్పున పంపుతున్నారు. అంటే తొమ్మిది కుర్చీలు ఖాళీగా ఉన్నా, పదోది ఖాళీ అయ్యేదాకా బయటివాళ్లు ఆకలితో ఆగాల్సిందే. ఆ పద్ధతి తీసేశారు. కుర్చీ ఖాళీ అయితే చాలు, ఒకరిని పంపారు. ట్రేలు అందుకోవడానికి లోపలే వరుస పెట్టారు. ఖాళీ కుర్చీలు కనిపెట్టి చెప్పడానికే ఒక మనిషిని ఉంచారు. గంటన్నర కాస్తా 18 నిమిషాలైంది!

2012లో శాండీ తుపాను తర్వాత అదే నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక గోదాములో కూడా ఇలాగే జరిగింది. బాధితులకు పంపే ఒక్కో పెట్టె సర్దడానికి 3 నిమిషాలు పట్టేది. పని వరుస మార్చాక 11 సెకన్లు చాలాయి.

పనిలో వృథాను, అనవసరంగా ఆగడాన్ని తీసేసే ఈ తీరునే లీన్ పద్ధతి అంటున్నారు. టయోటాలో దీనికి బాట వేసిన తైచీ ఓనో, నేలమీద సుద్దముక్కతో వృత్తం గీసి ఇంజనీరును అందులో నిలబెట్టేవారట. పని ఎక్కడ ఆగుతోందో కంటితో చూసి తెలుసుకోవాలి. సేవాసంస్థల సన్నద్ధత కూడా ఇక్కడే మొదలవ్వాలి. పెద్దలు ఆఫీసులో కూర్చుని చార్టులు గీస్తే కుదరదు, గోదాములో నిలబడాలి. వాలంటీర్లకు 'మీ పనిలో తప్పులు పట్టడానికి రాలేదు' అని ముందే చెప్పాలి. ఆ టెన్షన్ పోతే అడ్డంకులేమిటో వాళ్లే చెబుతారు.

ఒక జాగ్రత్త. లీన్ అంటే నిల్వలు తగ్గించడమే అనుకుంటే ప్రమాదం. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు చాలినన్ని నిల్వల్లేక మాస్కుల కోసం ప్రపంచమంతా ఎలా వెతుక్కుందో చూశాం. ఎప్పుడొస్తుందో తెలియని విపత్తుకు మందులు, తాగునీరు, టార్పాలిన్లు దాచి ఉంచడం వృథా కాదు. బాధితుణ్ణి ఊరికే నిలబెట్టడం వృథా.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు పడవల్లో, డ్రోన్లతో కూడా ఆహారం పంపారు. అయినా లోపలి వీధులకు అందలేదని జనం వాపోయారు. అందుకే మన సంస్థలకు నా మనవి. వానాకాలానికి ముందే ఒకపూట రిహార్సల్ పెట్టుకోండి. సరుకు గోదాము దాటి వీధి చివరి ఇంటికి చేరేదాకా గడియారం చూడండి. ఎక్కడ ఆగిందో రాసుకోండి. పొట్లం కట్టినవాళ్లను, మోసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఏం మారిస్తే బాగుంటుందో ముందుగా వాళ్లనే అడగండి.