చెరువు సర్కారుది, పూడిక ఊరిది

సభకు నమస్కారం. మన చిత్తూరు జిల్లా చెరువులు, వాటి పూడిక ఎవరి పని అన్నదాని గురించి మాట్లాడతాను. 1911 ఏప్రిల్ 1కి ముందు చిత్తూరు జిల్లా అనేదే లేదు. చిత్తూరు పట్నం అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లావి. ఒక ముక్క 1801లో ఆర్కాటు నవాబు నుంచి, ఇంకో ముక్క అంతకు ఏడాది ముందు నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీలు సరేసరి. వీటన్నిటినీ తెచ్చి ఒకే కలెక్టరు కింద పెట్టారు గానీ, వానల్ని ఎవరు కలపగలరు? కనుమల పైన మదనపల్లె రైతు నైరుతి వానను నమ్ముకుని రాగి వేస్తాడు. కింద కాళహస్తి రైతు కార్తీకంలో తుఫాను పట్టాలని మొక్కుకుంటాడు.

స్వర్ణముఖి, బాహుదా ఏడాది పొడుగునా పారే నదులు కావు. అందుకే ఇక్కడ ఒకప్పుడు సేద్యమంటే చెరువే. పాత తూము ఒకసారి దగ్గరికెళ్లి చూడండి. కట్ట లోపలి వైపు రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డరాళ్లు, ఆ రాళ్ల బెజ్జాల గుండా దిగే కొయ్య, దాని చివర బిరడా. నీళ్లు పంచే నీరుగంటి ఆ కొయ్యను కాస్త పైకెత్తితే ఆ రోజు ఎవరి మడికి ఎంత నీరో తేలిపోతుంది. చెరువు నిండితే మిగిలిన నీళ్లు మొరవ, అంటే అలుగు, దాటి కింది చెరువుకు పోతాయి. పై చెరువు కట్ట తెగిందా, కిందివాటికీ గండమే. తిరుమల శాసనాలు చదివినవాళ్లకు తెలుసు: భక్తులిచ్చిన సొమ్ముతో దేవస్థానం ఊళ్లలో కాలువలు తవ్వించి, పెరిగిన పంటతో నైవేద్యాలు జరిపించేవారు.

రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీలో చెరువు కింద మాగాణికి మెట్ట కంటే శిస్తు ఎక్కువ ఉండేది. అంటే సర్కారు నీళ్లకు వెల కట్టింది. మరి కట్ట బాగుచేసేదెవరు? 1858లో ఒక చట్టం తెచ్చారు. ఊరివాళ్లు ఆనవాయితీగా చేసే చెరువు పని చేయకపోతే బలవంతంగానైనా చేయించవచ్చన్నారు. శిస్తు వాళ్లకు, చాకిరీ మనకు! గోదావరికి 1852 కల్లా ఆనకట్ట పూర్తయింది. మన చెరువులకు దక్కింది అడపాదడపా మరామత్తు. 1876-78 కరువులో మాత్రం కూలికి మట్టిపని పెట్టారు, అదీ జనం ఎముకల గూళ్లయ్యాక.

ఆ తర్వాత రైతు తన దారి తను చూసుకున్నాడు. 1883 చట్టం కింద సర్కారిచ్చే తకావి అప్పు తెచ్చి బావి తవ్వుకున్నవాళ్లున్నారు. ఎద్దుల్ని కట్టి, తోలు బానతో నీళ్లు తోడే కపిల తోలితే, వంతు కోసం నీరుగంటిని బతిమాలే పని లేదు. పాకాల మీదుగా రైలు పడింది. చెనక్కాయ, అదే వేరుశనగ, వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఆ పప్పు ఓడలెక్కి ఫ్రాన్సులో మార్సెయ్ నూనె మిల్లుల దాకా పోయేది. చెనక్కాయకు చెరువు అక్కర్లేదు, ఎర్రనేల, అదునుకు నాలుగు వానలు చాలు. చేతికి రొక్కం కూడా వస్తుంది. అలాంటప్పుడు పూడిక తీయడానికి ఊరంతా ఎందుకు కదులుతుంది? రైతు సోమరితనమని తేల్చేయడం సులువే గానీ, నేను ఒప్పుకోను. పెత్తనం తాలూకాఫీసుకు పోయాక పార పట్టుకునేవాడు లెక్క చూసుకోడా?