ఈ ఫొటోలో రెండు జింకలున్నాయి

(అచ్చంపేటలో వన్యప్రాణి వారోత్సవాల సందర్భంగా డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, అటవీ శాఖ నుంచి వచ్చిన సార్లకు, లెక్చరర్లకు, పొద్దున్నుంచి కుర్చీలు మోసి, మైకు సరిచేసి, నాకు రెండుసార్లు చాయ్ తెచ్చిచ్చిన ఆ తమ్ముళ్లకు కూడా నమస్కారం. మామూలుగా సభల్లో వాళ్ల మాట ఎవరూ ఎత్తరు. నేను ముప్పై రెండేళ్లుగా పెళ్లి ఫొటోలు తీస్తున్నవాణ్ని, ఏ ఫంక్షనైనా ఎవరి కష్టం మీద నడుస్తుందో నాకు బాగా తెలుసు.

నాకు కల్వకుర్తిలో చిన్న స్టూడియో ఉంది. ముహూర్తాలు లేని నెలల్లో, ఆదివారాల్లో అడవికి వెళ్తాను. అడవిలో జింకలను ఎట్లా ఫొటో తీయాలో పిల్లలకు చెప్పండి అని నన్ను పిలిచారు. చెప్తాను. దానికి ముందు ఒక ఫొటో తెచ్చాను, ముందు వరుస నుంచి పంపిస్తున్నాను. జాగ్రత్తగా అంచులు పట్టుకుని చూసి వెనక్కి ఇవ్వండి. ఇందులో రెండు జింకలున్నాయి. ఒకటి అందరికీ కనిపిస్తుంది. రెండోది వెతకండి, దొరికినవాళ్లు చెయ్యెత్తండి, నేను మాట్లాడుతున్నా సరే.

మనం అన్నిటినీ జింక అనే ఒక్క మాటతో చుట్టేస్తాం. మన నల్లమలలో ఎక్కువగా కనిపించేది చుక్కల దుప్పి. 2014లో తెలంగాణ వచ్చాక రాష్ట్ర జంతువుగా పెట్టుకున్నది దీన్నే. దాని ఒంటి మీద తెల్ల చుక్కలు పుట్టినప్పుడు ఎట్లా ఉంటాయో చచ్చేదాకా అట్లాగే ఉంటాయి. పెద్దగా, మట్టిరంగులో, మెడ మీద జూలుతో ఉండేది కణుజు, సాంబార్ అంటారు కదా అది. చిన్నగా, కుక్కలా మొరిగేది ఇంకొకటుంది. కుందేలంత ఉండే మూషిక జింకనైతే హైదరాబాద్ నెహ్రూ జూలో పెంచి మన అమ్రాబాద్ అడవిలోనే వదిలారు. మరి నారాయణపేట జిల్లాలో మాగనూరు, కృష్ణా మండలాల వైపు చేలల్లో గంతులేసే కృష్ణ జింకలో? వాటి కొమ్ములకు కొమ్మలుండవు, మెలి తిరిగి ఉంటాయి, జన్మలో రాలవు. దుప్పి కొమ్ములైతే ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. మొలిచేటప్పుడు వాటి మీద మెత్తటి నూగు తోలు ఉంటుంది, పొద్దుటి ఎండ వెనక నుంచి పడితే ఆ నూగు చుట్టూ బంగారు గీత గీసినట్టు మెరుస్తుంది. అది తీయడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

పెళ్లిలో మా పని ఏంటి? "ఇటు చూడండి, కొంచెం నవ్వండి, అమ్మా తల ఎత్తండి." అదే అలవాటు అడవికి తీసుకెళ్తాం. దుప్పి గడ్డి మేస్తుంటే తల ఎత్తడం లేదని జీపులో నుంచి చప్పట్లు కొడతారు, ఈల వేస్తారు, ఫోన్‌లో అరుపులు పెడతారు. అది ఉలిక్కిపడి తల ఎత్తుతుంది, చెవులు నిక్కబొడుచుకుంటుంది, ఫొటో వస్తుంది. నేనూ కొట్టాను చప్పట్లు, మొదటి రెండేళ్లు. ఆ ఫొటోలన్నిటిలో దాని కళ్లల్లో ఒకటే ఉంటుంది, భయం.

దీన్ని మాన్పించింది ఒక చెంచు పెద్దాయన. మన్ననూరు దాటాక ఒక పెంటలో, అంటే చెంచుల గూడెంలో ఉండేవాడు, ఆయన పేరు చెప్పడం ఆయనకు ఇష్టం లేదు కాబట్టి పెద్దాయన అనే అంటాను. ఒకరోజు పొద్దున్నే తన వెంట తీసుకెళ్లి ఒక ఇప్పచెట్టు మొదట్లో కూర్చోబెట్టాడు. ఎండాకాలం, ఇప్పపూలు రాలే రోజులు. నేను కెమెరా సర్దుకుంటుంటే అన్నాడు, "సారూ, అది నిన్ను ఎప్పుడో చూసింది. నువ్వు దాన్ని చూసుడు కాదు, అది నిన్ను మర్చిపోవాలె. అప్పటిదాక చెట్టోలె కూసో." గంటంబావు కూర్చున్నాం. మొదట చెట్ల మీదికి కొండముచ్చులు వచ్చాయి. అవి సగం కొరికి సగం పారేసే రకం, కింద పడ్డ ఆకులు, పూలు ఏరుకోవడానికి దుప్పులు వాటి వెంట తిరుగుతాయి. పైన ఉన్నవాటికి దూరం కనిపిస్తుంది, కింద ఉన్నవాటికి వాసన తెలుస్తుంది, చిరుత వస్తే ఎవరికి ముందు తెలిస్తే వాళ్లు అరుస్తారు. పదకొండు దుప్పులు వచ్చాయి. ఒకటి నా బూటుకు పది పన్నెండు అడుగుల దూరంలో పూలు ఏరుకు తింది, దాని ముక్కు తడి కూడా కనిపించింది, నమలడం వినిపించింది. నేను నొక్కింది ఆరే ఆరు ఫొటోలు.

సరే, కెమెరా సంగతి త్వరగా చెప్పేస్తాను, మీరు యూట్యూబ్‌లో ఎట్లాగూ చూస్తారు. వెలుగు వచ్చిన మొదటి గంటన్నర, పొద్దు గూకే ముందు గంట, ఈ రెండే మంచి సమయాలు. షట్టర్ వేగం సెకనులో ఐదు వందో వంతుకు తగ్గనీయకండి, చెవి ఆడించినా ఊగిపోతుంది. దగ్గరి కన్ను మీద ఫోకస్ పెట్టండి. జీపు కిటికీ మీద బియ్యం సంచి పెట్టి దాని మీద లెన్స్ ఆనించండి, వేల రూపాయల స్టాండు కన్నా అదే నయం. గాలి మీ వైపు నుంచి దాని వైపు వీస్తుంటే ఇక ఇంటికి పోవచ్చు. ఇంకో మాట, ఇక్కడ సగం మంది నీలం జీన్స్‌లో ఉన్నారు. జింకకు ఎరుపు, నారింజ సరిగ్గా తెలియవు కానీ నీలం బాగా కనిపిస్తుంది. అడవికి వచ్చేటప్పుడు మట్టిరంగు బట్టలు వేసుకోండి, సెంటు కొట్టుకోకండి.

వంద ఏళ్ల కిందట అమెరికాలో జార్జ్ షిరాస్ అని ఒకాయన ఉండేవాడు. వేటగాడు, లాయరు. తుపాకి పక్కన పెట్టి కెమెరా పట్టాడు. రాత్రిపూట పడవలో పోయి మిషిగన్ సరస్సుల ఒడ్డున జింకలకు ఫ్లాష్ పేల్చి ఫొటోలు తీశాడు. జింక నడిచే దారికి దారం కట్టి, అది తగలగానే దాని ఫొటో అదే తీసుకునేట్టు ఏర్పాటు చేశాడు. 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన ఫొటోలు డెబ్బై నాలుగు వేసింది. ఇవాళ మన అడవిలో పులుల లెక్కకు చెట్లకు కట్టే కెమెరాలు ఆ దారానికి మనవలే. మనిషి అక్కడ ఉండడు, పెట్టి వెళ్లిపోతాడు. అందులో పడ్డ దుప్పుల ముఖాలు ఎప్పుడైనా చూడండి, ఎంత నిమ్మళంగా ఉంటాయో.

ఎవరికన్నా రెండో జింక కనిపించిందా? లేదా? చూడండి, తొందరేం లేదు.

మాగనూరు సంగతి ఒకటి చెప్పి అసలు విషయానికి వస్తాను. కృష్ణ జింకలు పరుగెత్తుతుంటే ఫొటో బాగా వస్తుందని బైకులు, జీపులు వేసుకుని చేలల్లో వాటిని తరిమేవాళ్లున్నారు. గంటకు ఎనభై కిలోమీటర్ల దాకా పరుగెత్తగల జంతువు అది, దాన్ని ఎండలో అట్లా తరిమితే ఏమవుతుందో ఆలోచించండి. పత్తి మొలకల మీద నుంచి జీపు పోతే రైతుకు ఏమవుతుందో కూడా ఆలోచించండి. ఆ పక్క రైతులు జింకలతో నిజంగా నష్టపోతున్నారు, కంది, పత్తి మొలకెత్తగానే మందలు వచ్చి నాకేస్తాయి, రాత్రిళ్లు కావలి కాస్తున్నారు. ఒక రైతు నన్ను ఆపి అడిగాడు, "మీ ఫొటోకు పైసలొస్తయి గదా అన్నా, మా చేనుకెవరిస్తరు?" మా నాయిన కూడా వ్యవసాయం చేసినవాడే. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి చేనులో అడుగు పెట్టే ముందు ఆ చేను ఎవరిదో కనుక్కుని అడిగి వెళ్తున్నాను.

ఇప్పుడు ఆ ఫొటో.

2010, సంక్రాంతి అయిన రెండో ఆదివారం. లింగాల వైపు, అడవి అంచున, రోడ్డుకు ఓ వంద గజాల లోపల. కొత్తగా నికాన్ డి90 కొన్నాను, దానికి మూడు వందల మిల్లీమీటర్ల లెన్స్. తంగేడు పొదల మధ్య ఎండిన గడ్డిలో ఒక దుప్పి పిల్ల పడుకుని ఉంది. పుట్టి రెండు మూడు రోజులై ఉంటుంది. మెడ నేలకు ఆనించి, చెవులు వెనక్కి వంచి, కదలకుండా. దాని చుక్కల మీద గడ్డి నీడలు పడి, ఏది చుక్కో ఏది ఎండో తెలియడం లేదు. కనురెప్ప వెంట్రుక మీద ఒక చిన్న గడ్డి పరక అతుక్కుని ఉంది. నేను మోకాళ్ల మీద, తర్వాత పొట్ట మీద పాకి దాని ముందుకు పోయాను. నలభై మూడు ఫొటోలు తీశాను. అది రెప్ప వేయలేదు. ఎంత బుద్ధిగా ఉంది అనుకున్నాను. ముప్పై రెండేళ్లలో అంత బాగా వచ్చిన ఫొటో నాకు ఇంకొకటి లేదు, అది ఇవాళ్టికీ నిజమే.

రోడ్డు మీద బైకు ఆగింది. ఇద్దరు కుర్రాళ్లు, పొలం నుంచి వస్తున్నారు. నా బండి చూసి, నేను పడుకుని ఉండటం చూసి, "సారూ, ఏమైంది?" అంటూ వచ్చారు. ఏం లేదు పొండి అని ఉండాల్సింది. నేను చూపించాను. కెమెరా స్క్రీన్ మీద కూడా చూపించాను. మురిసిపోతూ చూపించాను. వెలుగు పోయిందని నేను వచ్చేశాను, వాళ్లు అక్కడే ఉన్నారు.

సోమవారం పెద్ద సైజు ప్రింటు వేయించి స్టూడియో అద్దంలో పెట్టాను. వచ్చినవాళ్లందరూ మెచ్చుకున్నారు. మళ్లీ ఆదివారం అదే ఊరికి పోయాను, ఆ కుర్రాళ్లకు ఒక కాపీ ఇద్దామని. ఇచ్చాను. అప్పుడు చెప్పారు. తల్లి లేని పిల్ల, కుక్కలు తింటాయని ఎత్తుకొచ్చారట. వాళ్లకు దురుద్దేశం లేదు, వాళ్లలో ఒక అబ్బాయి కళ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు. ఆవుపాలు పట్టారు, ఊరి పిల్లలందరూ చుట్టూ చేరి నిమిరారు. తెల్లారేసరికి చచ్చిపోయింది.

తల్లి లేని పిల్ల కాదు అది. దుప్పి ఈనిన మొదటి రోజుల్లో పిల్లను గడ్డిలో దాచి, తను దూరంగా మేస్తుంది, పాలివ్వడానికి మాత్రమే వస్తుంది. పుట్టిన పిల్లకు వాసన చాలా తక్కువ, కదలకుండా పడుకుంటే రేసు కుక్క, అదే అడవి కుక్క కూడా పక్క నుంచి పోవచ్చు. తల్లి అక్కడే నిలబడితే దాని వాసనకే పిల్ల దొరికిపోతుంది. అందుకే దూరంగా ఉంటుంది. పిల్ల కదలకపోవడం బుద్ధి కాదు, గుండె బిగబట్టుకుని ఉండటం. ఇంక జింక జాతికి ఇంకొకటుంది. పట్టుకుంటే, తరిమితే, ఆ భయానికి కండరాలు లోపలే దెబ్బతింటాయి, గంటలకో రోజులకో ప్రాణం పోతుంది. పైకి గాయం ఉండదు. పాలు తాగలేదు అనుకుంటాం.

ఆ రాత్రి స్టూడియోలో కూర్చుని ఆ నలభై మూడు ఫొటోలు చెరిపేద్దామని తెరిచాను. ఒక్కొక్కటి పెద్దది చేసి చూస్తూ పోయాను, ఎందుకో చెప్పలేను. ముప్పై ఒకటో దాని దగ్గర ఆగిపోయాను. మీ చేతుల్లో ఉన్నది అదే.

ఇప్పుడు చూడండి. ఎడమ పక్క పై మూల. తంగేడు పూలు పసుపుగా మసకగా ఉన్నాయి కదా, వాటి వెనక, పూల కన్నా కొంచెం ముదురు రంగులో ఒక ఆకు లాంటిది ఉంది. అది ఆకు కాదు. చెవి. దాని కిందే చీకటిగా ఒక చుక్క ఉంది, అది కన్ను. నేను పొట్ట మీద పాకినంతసేపూ, ఆ నలభై మూడు ఫొటోలు తీసినంతసేపూ తల్లి అక్కడ నిలబడి ఉంది. నేను వెళ్లిపోతానేమో అని చూస్తూ ఉంది.

ఫొటోలు చెరపలేదు. అద్దంలో ప్రింటు మాత్రం తీసేశాను. ఇన్నేళ్లలో దీన్ని నలుగురిలోకి తేవడం ఇదే మొదటిసారి.

కాబట్టి నేను మిమ్మల్ని అడిగేది కెమెరా గురించి కాదు. అడవిలోనో చేనులోనో జింక పిల్ల ఒంటరిగా పడుకుని కనిపిస్తే ముట్టుకోకండి, చుట్టూ గుమిగూడకండి, ఎవరినీ పిలిచి చూపించకండి, వచ్చిన దారినే వెనక్కి రండి. నిజంగా దెబ్బ తగిలి ఉంటే, కుక్కలు ఉంటే, బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి, సార్లు ఇక్కడే ఉన్నారు, వెళ్లేటప్పుడు నంబరు తీసుకోండి. ఇంటికి తెచ్చి పెంచుకోవడం 1972 చట్టం ప్రకారం నేరం కూడా, కానీ నేను చట్టానికి భయపడి చెప్పడం లేదు. ఫొటో పెట్టేటప్పుడు ఫోన్‌లో లొకేషన్ ఆఫ్ చేయండి. శ్రీశైలం రోడ్డు మీద బండి ఆపి దుప్పులకు చిప్స్, అరటిపళ్లు పెట్టకండి. పెట్టేది ఒక్కరు, తర్వాత ఆ దుప్పి జన్మంతా రోడ్డు మీదికే వస్తుంది, లారీ వచ్చినా జరగదు. ఆ రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు ఆపేది అడవి జంతువుల కోసమే. ఆ గేటు దగ్గర సిబ్బందితో గొడవ పెట్టుకునే మీ మామలకు, అన్నలకు ఇంటికి పోయి చెప్పండి.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి నేను మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఉంటాను. పర్మిషన్ తీసుకునే వెళ్దాం, జీపులో ఎనిమిది మందికి చోటుంది. కెమెరా లేనివాళ్లు ముందు పేరు ఇవ్వండి. గంటంబావు కదలకుండా కూర్చోగలిగితే చాలు.

ఆఖరి వరుసలో ఎరుపు చున్నీ వేసుకున్న బిడ్డా, చెయ్యెత్తావు, చూశాను. కనిపించింది కదా? పక్కనున్న అమ్మాయికి చూపించి, ఫొటో ఇటు పంపు తల్లీ.