తలుపు చప్పుడు వినిపించని నిఘా

శ్రోతలకు నమస్కారం.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని ఒకాయన ఉండేవాడు. 1941లో ఒక దోపిడీ కేసులో పోలీసులు ఆయన్ని పట్టుకున్నారు. సాక్ష్యం దొరక్క వదిలేశారు. కథ అక్కడితో అయిపోవాలి. కానీ స్టేషన్‌లో ఆయన పేరు మీద హిస్టరీ షీట్ తెరిచారు. మన దగ్గర రౌడీ షీట్ అంటామే, దాదాపు అలాంటిదే. ఇక అప్పట్నుంచి రాత్రిళ్లు కానిస్టేబుళ్లు, ఊరి చౌకీదారు వచ్చి తలుపు కొట్టేవాళ్లు. గట్టిగా అరిచి నిద్ర లేపేవాళ్లు. ఒక్కోసారి స్టేషన్ దాకా నడిపించేవాళ్లు. పొరుగూరు వెళ్లాలంటే, ఎక్కడికి పోతున్నాడో, ఎప్పుడు తిరిగొస్తాడో చౌకీదారుకు చెప్పాలి. ఇదీ ఆయన సుప్రీంకోర్టుకు చెప్పుకున్న గోడు.

1962లో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. రాత్రిపూట ఇంటికొచ్చి తలుపు కొట్టడం చెల్లదని అందరూ ఒప్పుకున్నారు. మిగతా నిఘా మాత్రం తప్పు కాదని నలుగురు అన్నారు. మన రాజ్యాంగం గోప్యతను, అంటే మనం మామూలుగా ప్రైవసీ అనుకునేదాన్ని, హక్కుగా ఇవ్వలేదనీ అన్నారు. మిగిలిన ఇద్దరూ అందుకు ఒప్పుకోలేదు. ఆ ఇద్దరి తరఫున తీర్పు రాసినవారు కోకా సుబ్బారావు గారు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా చేసిన మన సుబ్బారావు గారే. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని ఆయన రాశారు. వెనకాల పోలీసు కన్ను వెంటాడుతుంటే మనిషి తిరిగే తిరుగుడు స్వేచ్ఛ ఎలా అవుతుందని అడిగారు. అలాంటివాడికి దేశమంతా జైలే అన్నారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. తెలుగువాళ్లం ఆయన్ని తగినంత తలుచుకోవడం లేదనీ అనిపిస్తుంది.

ఆ మాటకు విలువ దక్కడానికి 55 ఏళ్లు పట్టింది. ఆధార్ మీద 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లినవారు కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. అప్పటికి ఆయన వయసు 86 ఏళ్లు. గోప్యత ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం వాదించింది. 1954 నాటి ఎనిమిది మంది న్యాయమూర్తుల తీర్పును, ఖరక్ సింగ్ తీర్పును చూపించింది. ఎనిమిది మంది ఇచ్చిన తీర్పును మార్చాలంటే అంతకంటే పెద్ద ధర్మాసనం కావాలి. అందుకని తొమ్మిది మంది కూర్చోవాల్సి వచ్చింది. 2017 ఆగస్టు 24న ఆ తొమ్మిది మందీ ఒకే మాటగా గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పారు. వారిలో కృష్ణా జిల్లావారైన జాస్తి చలమేశ్వర్ గారూ ఉన్నారు. ప్రభుత్వం ఈ హక్కులో జోక్యం చేసుకోవాలంటే అందుకు ఒక చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి చొరబడకూడదు అని కూడా ఆ తీర్పు చెప్పింది.

ఇంతా విన్నాక మీలో కొందరు అనుకోవచ్చు: తప్పు చేయనివాడికి భయమెందుకు? ఈ ప్రశ్న నాకు చాలాసార్లు ఎదురైంది. ఊరి వాగులో ఇసుక తోడేస్తున్న లారీల గురించి విలేఖరికి ఫోన్ చేసే రైతు ఏ తప్పు చేశాడు? అయినా తన కాల్ ఎవరో వింటారన్న అనుమానం వస్తే ఆ ఫోన్ చెయ్యడు. లారీలు అలాగే తిరుగుతుంటాయి. నష్టం ఊరంతటికీ. తెలంగాణలో 2024లో ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడ్డాక ఎంతమంది నోట ఈ మాట విన్నానో: "ఫోన్‌లో వద్దులే, కలిసినప్పుడు చెప్తా." ఆ కేసులో నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఈ మాట మాత్రం ఇళ్లలోకి వచ్చేసింది. అన్నదమ్ములు పొలం గొడవ మాట్లాడుకోవడానికి కూడా టెన్షన్ పడుతున్నారు.

నిఘా అక్కర్లేదని నేను అనను. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన సాయంత్రం హైదరాబాద్‌లో ఎవరూ మరిచిపోలేరు. అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది. ఒకేసారి వంద మంది, లేదా రోజుకు 500 మంది వచ్చే చోట సీసీ కెమెరాలు పెట్టాలి, 30 రోజుల వీడియో దాచాలి. తప్పిపోయిన పిల్లలు ఆ కెమెరాల వల్ల తల్లుల దగ్గరికి చేరితే నాకు సంతోషమే. దుకాణం యజమానికి ఇంత కచ్చితంగా లెక్క చెప్పిన చట్టాలు, ఆ వీడియో తీసుకెళ్లే అధికారికీ అంతే కచ్చితంగా లెక్క చెప్పాలి. నేను అడిగేది అదొక్కటే.

ఫోన్ల విషయంలో ఆ లెక్క ఎవరి చేతిలో ఉందో చూడండి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద ఇష్టారాజ్యంగా ఫోన్లు వింటున్నారని పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ కోర్టుకెళితే, 1996లో సుప్రీంకోర్టు కొన్ని నియమాలు పెట్టింది. హోం శాఖ కార్యదర్శి రాతపూర్వకంగా ఆదేశించాలి. ఆదేశం రెండు నెలలు పనిచేస్తుంది. పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు. ఒక సమీక్ష కమిటీ వాటిని పరిశీలించాలి. ఇప్పుడు 2023 టెలికాం చట్టం వచ్చింది, 2024 డిసెంబరులో దాని కింద కొత్త నిబంధనలు వచ్చాయి. పద్ధతి మాత్రం దాదాపు అదే. అనుమతి ఇచ్చేది కార్యదర్శి. సమీక్ష చేసేది ప్రధాన కార్యదర్శి, మరికొందరు కార్యదర్శులు. అందరూ ఒకే ప్రభుత్వంలో పనిచేసేవాళ్లు. బయటి మనిషి ఒక్కడూ లేడు. 2023లోనే వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, దేశ భద్రత వంటి కారణాలతో తనకు నచ్చిన ప్రభుత్వ సంస్థకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికే ఇచ్చింది.

ఖరక్ సింగ్ కోర్టు మెట్లెక్కగలిగాడంటే, తలుపు చప్పుడు ఆయనకు వినబడింది కాబట్టి. ఈ రోజు ఫోన్ వింటే చప్పుడుండదు. మీ మాటలు విన్నారని మీకు ఎవరూ చెప్పరు. ఆరు నెలలకు ఆ రికార్డులూ చెరిపేస్తారు. తెలియని దాని మీద ఎవరైనా ఏమని కేసు వేస్తారు?

బ్రిటన్‌లో 2016 చట్టం ప్రకారం మంత్రి సంతకం ఒక్కటే చాలదు. ఒక న్యాయాధికారి కూడా ఆమోదించాలి. జర్మనీలో నిఘా ముగిశాక, దర్యాప్తుకు ఇబ్బంది లేదనుకున్నప్పుడు, ఆ మనిషికి విషయం తెలియజేయాలన్న నియమం ఉంది. ఉగ్రవాదుల బెడద ఆ దేశాలకూ ఉంది. అయినా వాళ్లు ఆ తాళాలు వేసుకున్నారు. మనకూ ఈ రెండూ కావాలి. ముందు ఒక న్యాయమూర్తి అనుమతి, తర్వాత ఇంటికి ఒక ఉత్తరం. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మీ ఫోన్ విన్నాం, కారణం ఇదీ అని రాసిన ఉత్తరం. అది అందుకున్న మనిషి అప్పుడైనా కోర్టుకు వెళ్లగలడు, ఖరక్ సింగ్ వెళ్లినట్టు.

నమస్కారం.