తోబుట్టువు ఎలుక చాలదా?

డాక్టరమ్మ: నమస్కారం. ఈ వారం అంశం ముందే ప్రకటించాం కాబట్టి తప్పించుకునే వీలు లేదు. రొమ్ము క్యాన్సర్‌లో బీఆర్‌సీఏ1 జన్యువు పాత్ర, దాన్ని కండిషనల్ నాకౌట్ ఎలుకల్లో, అంటే జన్యువును ఒళ్లంతా కాక కోరిన చోటే తీసేసిన ఎలుకల్లో, ఎలా చూశారన్నది. మాస్టారూ, మీరప్పుడే గొంతు సవరించుకోకండి.

మాస్టారు: నేనేమీ అనలేదమ్మా.

డాక్టరమ్మ: అనబోయారు. కాకినాడ శ్రోత కాగితం, కలం పట్టుకుని కూర్చుని ఉంటారు, మీ నోట ఆ బఠాణీల సన్యాసి, వంశపారంపర్య సూత్రాలు చెప్పిన మెండెల్ పేరు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టడానికి.

మాస్టారు: ఆయన లెక్క నమ్మకు. పోయినసారి రెండు ఎక్కువ వేశాడు. కానివ్వు.

డాక్టరమ్మ: బీఆర్‌సీఏ1 రెండు ప్రతులనూ ఒళ్లంతా తీసేస్తే పిండం తల్లి కడుపులోనే పోతుంది. ఒక్క ప్రతే తీస్తే ఎలుక నిక్షేపంగా బతుకుతుంది, ఆడవాళ్లలో పెరిగినట్టు దానికి క్యాన్సర్ ముప్పు పెరగదు. ఎటు చూసినా కణితి దొరకదు. అందుకని జన్యువులో కీలకమైన ముక్కకు అటూ ఇటూ లాక్స్‌పీ గుర్తులు పెట్టారు. ఒక్కో గుర్తు 34 అక్షరాల డీఎన్ఏ. క్రీ అనే ఎంజైమ్ వచ్చి రెండు గుర్తుల మధ్య ఉన్నదాన్ని కత్తిరించేస్తుంది. ఆ క్రీ పాలగ్రంథుల్లో మాత్రమే తయారయ్యేలా చూస్తే జన్యువు అక్కడే పోతుంది. 1999లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో చూ-షియా డెంగ్ బృందం చేసింది ఇదే. కణితులు వచ్చాయి. కాకపోతే చాలా నెలలు పట్టింది, అన్ని ఎలుకలకూ రాలేదు. క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 జన్యువులో కూడా ఒక ప్రతి తీసేస్తే త్వరపడ్డాయి.

మాస్టారు: బాగుంది. పోల్చి చూడటానికి తోబుట్టువు ఎలుకలు ఉండనే ఉన్నాయి. ఒకే తల్లి, ఒకే ఈత, ఒకే పంజరం. క్రీ రాని పిల్లను పక్కన పెట్టుకుంటే పని అయిపోయింది.

డాక్టరమ్మ: అవలేదు.

మాస్టారు: మొదలుపెట్టావా!

డాక్టరమ్మ: మొదలుపెట్టింది మీరు. ఆ రెండు పిల్లల మధ్య తేడా ఒకటి కాదు, రెండు. ఒకదానిలో జన్యువు పోయింది, క్రీ వచ్చింది. రెండోదానిలో జన్యువు ఉంది, క్రీ లేదు. జబ్బు దేనివల్ల వచ్చిందని చెబుతారు?

మాస్టారు: క్రీ వైరస్ సరుకు. పీ1 అని, బ్యాక్టీరియాను పట్టే వైరస్. ఎలుక డీఎన్ఏలో దానికి గుర్తులే లేనప్పుడు అదేం చేస్తుందమ్మా?

డాక్టరమ్మ: గుర్తుల్లాంటివి ఉంటాయి, క్రీ మోతాదు మించితే అక్కడ కూడా కత్తి పెడుతుంది. అది పక్కన పెట్టండి. నెస్టిన్-క్రీ ఎలుకలు తెలుసు కదా, మెదడు మీద పనిచేసేవాళ్లంతా వాడేవి. ఏ జన్యువూ తీయకపోయినా, క్రీ ఉన్న పాపానికే అవి తోబుట్టువుల కంటే చిన్నగా ఉంటాయి. మీరు ఏదో జన్యువు తీసి, ఎలుక చిక్కిపోయింది కాబట్టి ఇది ఎదుగుదలకు అవసరమని వ్యాసం రాసేస్తారు.

మాస్టారు: నేను రాయను. నేను రిటైరయ్యాను.

డాక్టరమ్మ: ఇన్సులిన్ కణాల కోసం చేసిన కొన్ని ఎలుకల కథ ఇంకా విడ్డూరం. క్రీ లాంటి బయటి జన్యువు బాగా పనిచేయాలని దాని చివర మనిషి గ్రోత్ హార్మోన్ జన్యువు ముక్క అతికించారు. అది ఊరికే పడి ఉంటుందనుకున్నారు. అది హార్మోనే తయారుచేస్తోందని 2014లో బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు చూపించారు. ఆ కణాలు గర్భంతో ఉన్న ఎలుకలోలాగా సెరొటోనిన్ తయారుచేయసాగాయి. ఎన్ని మధుమేహ ప్రయోగాల్లో వాడారో ఆ ఎలుకలను!

మాస్టారు: ... అంటే క్రీ ఉండి, జన్యువు చెక్కుచెదరని ఎలుక కావాలంటావు.

డాక్టరమ్మ: అదీ ఆ ఈతలోనే కావాలి.

మాస్టారు: అయితే మెండెల్ దగ్గరికి రాక తప్పదు.

డాక్టరమ్మ: కాకినాడ వారూ, ఒకటి వేసుకోండి.

మాస్టారు: నవ్వు. తల్లీ తండ్రీ ఇద్దరికీ ఒక ప్రతిలోనే గుర్తులు, ఒకరికి క్రీ. రెండు ప్రతుల్లోనూ గుర్తులున్న పిల్ల నాలుగింట ఒకటి. దానికి క్రీ రావడం సగం. ఎనిమిదింట ఒకటి నీ నాకౌట్. ఎనిమిదింట ఒకటి నువ్వడిగే క్రీ ఎలుక. రొమ్ము క్యాన్సర్ కాబట్టి ఆడవే కావాలి. పదహారింట ఒకటి! ఈతకు ఆరో ఎనిమిదో పిల్లలు. ఆయన బఠాణీలకు ముందు ఎలుకలనే పెంచాడంటారు, మఠం పెద్దలు వద్దన్నారట. మంచిపని చేశారు.

డాక్టరమ్మ: క్రీ, మీ జన్యువు ఒకే క్రోమోజోమ్ మీద ఉన్నాయనుకోండి, ఆ లెక్క కూడా చెదిరిపోతుంది.

మాస్టారు: ఆయన్నేమీ అనకు. సరే, పదహారింట ఒకటి. మిగతావాటిని ఏం చేస్తారు?

డాక్టరమ్మ: కొన్ని పెంపకానికి పనికొస్తాయి.

మాస్టారు: పనికిరానివి?

డాక్టరమ్మ: మూడు వారాలకు తల్లి నుంచి విడదీస్తాం. చెవి అంచున చిన్న రంధ్రం చేసి, ఆ ముక్కతో పీసీఆర్ చేస్తాం, అంటే కావలసిన డీఎన్ఏ ముక్కకు బోలెడు నకళ్లు తీస్తాం. ఆ నకళ్లను పొడవును బట్టి విడదీసే జెల్‌లో మామూలు జన్యువు గీత కింద ఉంటుంది, గుర్తులున్నది దానికి కాస్త పైన. ఆ గీతలు చూసి పంజరం చీటీ మీద టిక్కు పెట్టాలి. టిక్కు లేనివాటిని... కార్బన్ డయాక్సైడ్ పెట్టెలో. ఎన్ని పోతాయో జంతు నైతిక సంఘానికి ముందే రాసి సంతకం పెట్టేది కూడా నేనే.

మాస్టారు: ...

డాక్టరమ్మ: ఇప్పుడు మీరు అనబోయేది నాకు తెలుసు.

మాస్టారు: అంటాను మరి. తోబుట్టువుతో సరిపెడితే అన్ని ప్రాణాలు పోవు కదా?

డాక్టరమ్మ: సరిపెట్టి, రెండేళ్ల తర్వాత అది క్రీ చేసిన పని అని తేలితే? అప్పుడు నాకౌట్లు కూడా ఊరికే పోయినట్టే కదా మాస్టారూ.

మాస్టారు: నేను ఒప్పుకోలేదు. ఆలోచిస్తున్నాను.

డాక్టరమ్మ: ఆలోచించండి. టమాక్సిఫెన్ మాట ఎత్తనే లేదు. ఒక రకం క్రీ ఆ మందు ఇచ్చాకే మేలుకుంటుంది, కాబట్టి ఎలుక పెద్దయ్యాక జన్యువు తీయవచ్చు. అందులోనూ తిరకాసు ఉంది, టమాక్సిఫెన్ రొమ్ము క్యాన్సర్ మందే కదా, మనం చూస్తున్న కణితికే...

మాస్టారు: అయితే టమాక్సిఫెన్ ఇచ్చి, క్రీ లేని ఎలుక ఒకటి కావాలి! అది కాక ఇంకొకటి! మెండెల్ లెక్కన—

డాక్టరమ్మ: రెండు. మాస్టారూ, ఎవరో తలుపు కొడుతున్నారు.

మాస్టారు: మీ ల్యాబ్‌లోనా?

డాక్టరమ్మ: మీ ఇంట్లోనే. గ్యాస్ బండ వచ్చినట్టుంది, వెళ్లి చూడండి.